పి.గన్నవరం దగ్గర పాత మండువా ఇల్లు: ఎంతకు అడగాలి?

హైదరాబాదులో గోదావరి (మే 11)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారి ఊరికి పక్క ఊళ్ళో, పి.గన్నవరం మండలంలో, ఒక పాత మండువా లోగిలి, అంటే నడుమ ఆకాశానికి తెరిచిన పల్లపు ముంగిలి ఉన్న ఇల్లు, అమ్మకానికి వచ్చింది. స్థలం 14 సెంట్లు, అంటే సుమారు 678 గజాలు. వీధి ముఖం 42 అడుగులు, లోతు 145 అడుగులు. ఇంటి వైశాల్యం మండువాతో కలిపి 2,400 చదరపు అడుగులు. వీధి గుమ్మం పైన 1938 అని చెక్కి ఉంది. పైన బంగాళా పెంకు, లోపల టేకు స్తంభాలు, వీధి వైపు రెండు అరుగులు ఉన్నాయి. పెరట్లో నుయ్యి, 22 కొబ్బరి చెట్లు ఉన్నాయి. 1996 నవంబరు తుపానుకు వెనక వంటిల్లు పడిపోతే, మరుసటి ఏడాది ఆ భాగాన్ని శ్లాబు వేసి కట్టారు, మిగిలిన గోడలకు సిమెంటు పూత పూశారు. ఆరేళ్ళుగా ఎవరూ కాపురం ఉండటం లేదు.

యజమాని వీలునామా లేకుండా పోయారు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. పెద్ద కొడుకు 75 లక్షలు చెబుతున్నారు. అదే వీధిలో ఖాళీ స్థలం సెంటు 4 లక్షలకు వెళ్ళింది కాబట్టి స్థలమే 56 లక్షలు, కలప 8 లక్షలు, ఇల్లు 11 లక్షలు అన్నది ఆయన లెక్క. నేను పదవీ విరమణ తరువాత అక్కడ ఉండాలని అనుకుంటున్నాను. కూల్చే ఉద్దేశం లేదు. ఎంత దగ్గర మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో తెలియక మిమ్మల్ని అడుగుతున్నాను.

కొబ్బరాకు (మే 11)

ఇటువంటి ఇళ్ళు ఏటికేడాది తగ్గిపోతున్నాయి. 65కు అడిగి 70కి ముగించండి. పోయిన తరువాత వెతికినా దొరకదు.

కాకినాడ సివిల్ (మే 12)

పై సలహాతో నేను ఏకీభవించను. అయితే నా అంకె చెప్పే ముందు మూడు విషయాలు తెలియాలి, అవి లేకుండా ఎవరు ఏ అంకె చెప్పినా అది ఊహే.

మొదటిది, వీధి సిమెంటు రోడ్డుకూ ఇంటి గచ్చుకూ ఎత్తు తేడా ఎంత? మన ఊళ్ళలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదనే వేస్తారు కాబట్టి, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్ళిన ఇళ్ళలోకి ఈనాడు ఒక మెట్టు దిగి వెళ్ళవలసి వస్తున్నది. మండువాలో పడిన వాన నీరు తూము గుండా వీధి కాలువలోకి పోయేలా ఆనాడు వాటం పెట్టారు. వీధి ఎత్తు పెరిగితే ఆ తూము తిరగబడి, వీధి నీటిని ఇంట్లోకి తెస్తుంది. ఒక నీటి గొట్టం, రెండు కర్రలు ఉంటే మేస్త్రీ అరగంటలో కొలిచి చెబుతాడు.

రెండవది, గోడల చెమ్మ ఏ ఎత్తు దాకా ఉన్నది? ఇక్కడ ఒక హెచ్చరిక. మీరు ఇల్లు చూసినది మే నెలలో. ఏప్రిల్‌లో డెల్టా కాలువలు కట్టేసిన తరువాత జూన్‌లో మళ్ళీ వదిలే దాకా భూమిలో నీటి మట్టం దిగుతుంది, గోడలు ఆరుతాయి, ఇల్లు తన మంచి ముఖం చూపుతుంది. అదే ఇంటిని కాలువలు పారుతూ వానలు పడుతున్నప్పుడు చూస్తే వేరే ఇల్లనిపిస్తుంది. మన దగ్గర అమ్మేవారు వేసవిలోనే ఇల్లు చూపించడం ఎప్పుడూ యాదృచ్ఛికం కాదు.

మూడవది, కప్పు. పెంకులు మార్చడం పెద్ద విషయం కాదు. వాసాల చివరలు గోడలోకి దిగే చోట, మండువా చుట్టూ వాన నీరు పట్టే దోనె కింద ఉన్న నాలుగు మూలల దగ్గర వడ్రంగి చేత ఉలితో గుచ్చి చూపించండి. ఉలి దిగితే చెదలో, కుళ్ళో ఉన్నట్టే.

ఏటిగట్టు (మే 12)

నాలుగవ ప్రశ్న నాది. ఊరు ఏటిగట్టుకు ఏ వైపున ఉన్నది? గట్టుకు నది వైపున ఉంటే ధర గురించిన చర్చే అనవసరం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటి మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. లంక ఊళ్ళవారు ఆ అంకెలను బట్టే సామాను అటక ఎక్కిస్తారు. గట్టుకు లోపల ఊరివైపు అయితే, 1986 ఆగస్టు వరద నీరు ఆ వీధిలో ఎంత దాకా నిలిచిందో పక్కింటి పెద్దవారిని అడగండి. మా ఊళ్ళో ఆ గీత ఇప్పటికీ గోడల మీద చూపిస్తారు. 2022 జూలైలో మూడవ హెచ్చరిక దాటినప్పుడు వీధిలోకి నీరు వచ్చిందా లేదా అన్నది కూడా అడగండి. అమ్మేవారిని అడగవద్దు, పాలు పోసేవారిని అడగండి.

పాతకలప (మే 13)

నేను ముప్పై ఏళ్ళుగా పాత ఇళ్ళ కలప కొని అమ్ముతున్నాను, అందువల్ల ఈ 8 లక్షల మాట గురించి చెప్పగలను. 1938 నాటి మండువాలో మంచి టేకు ఉండే మాట నిజం. కానీ అమ్మేవారు స్తంభాలను, ద్వారబంధాలను చూసి ఇల్లంతా టేకే అనుకుంటారు. చాలా ఇళ్ళలో కంటికి కనిపించేదే టేకు, పైన వాసాలూ పెండెలూ తాడివి, వేగివి, మరేవో ఉంటాయి. తాడి దూలం గట్టిదే, దాని ఆయుష్షు వందేళ్ళైనా కావచ్చు, కానీ దానికి నా దగ్గర కొనుగోలుదారు లేడు. కలపకు ధర ఘనపుటడుగుల లెక్కన వస్తుంది, అందులోంచి మేకుల రంధ్రాలు, చెద తిన్న చివరలు, ఇప్పే కూలి, లారీ పోవాలి.

దీనికన్నా ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. కలప విలువ ఇల్లు విప్పేవాడికే విలువ. మీరు ఇంటిని నిలబెట్టేవారు కాబట్టి ఆ స్తంభాలు మీకు ఏనాడూ డబ్బుగా మారవు. ఆయన ఇంటికి 11 లక్షలూ కలపకు 8 లక్షలూ విడివిడిగా వేయడం అంటే, ఒకే స్తంభాన్ని మీకు రెండుసార్లు అమ్మడం. నావంటివాడు ఎంత ఇస్తాడో అన్నది ఆయనకు పనికొచ్చే అంకె, మీకు కాదు.

హైదరాబాదులో గోదావరి (మే 25)

అందరికీ ధన్యవాదాలు. నిన్న మేస్త్రీనీ వడ్రంగినీ తీసుకుని వెళ్ళి వచ్చాను.

ఊరు గట్టుకు లోపలే ఉన్నది. 1986లో వీధిలో మోకాలి లోతు నీరు వచ్చిందని, 2022లో రాలేదని ఇద్దరు వేర్వేరుగా చెప్పారు. ఇంటి గచ్చు రోడ్డుకన్నా 4 అంగుళాలే ఎత్తు. మండువా అడుగు మాత్రం రోడ్డుకన్నా 14 అంగుళాలు పల్లంలో ఉన్నది, వీధి తూమును ఎప్పుడో సిమెంటుతో మూసేశారు. గోడలకు మూడడుగుల దాకా సిమెంటు పూత పొట్టులా లేస్తున్నది, వేలితో రుద్దితే తెల్లని ఉప్పు అంటుకుంటున్నది. కప్పులో పదకొండు వాసాలు పోయాయి, ఈశాన్య మూల దోనె కింద దూలం చివర ఉలి రెండంగుళాలు దిగింది. స్తంభాలు పన్నెండూ గట్టిగా ఉన్నాయి. శ్లాబు వంటింట్లో ఇనుము బయటపడి తుప్పు రాలుతున్నది. స్నానాల గది పెరట్లో ఉన్నది, ఇంట్లో లేదు.

జాకీలతో ఇల్లంతా రెండడుగులు ఎత్తిస్తే నీటి బాధ పోతుందని ఒకరు అన్నారు. అది సాధ్యమేనా?

కాకినాడ సివిల్ (మే 27)

జాకీల మాట ముందు తేలుస్తాను. కాంక్రీటు బెల్టు ఉన్న డాబాలను అలా ఎత్తుతున్నారు, నేనూ చూశాను. మీది సున్నంతో కట్టిన ఇటుక గోడ, కింద బెల్టు ఉండదు, పైన కప్పు బరువు కొంత గోడల మీద, కొంత విడి స్తంభాల మీద ఉన్నది. దాన్ని ఎత్తడం అంటే ముందు కింద కొత్త బెల్టు కట్టడం, ఆ తరువాత ఎనభై ఏళ్ళు దాటిన సున్నపు అతుకులు కదలకుండా ఉండాలని దేవుణ్ణి వేడుకోవడం. నేను సంతకం పెట్టను.

నీటికి దారి వేరే ఉన్నది. మండువా నీటిని వీధికి కాక పెరటి వైపు తిప్పాలి. పెరడు దాటితే పంట బోదె గాని మురుగు డ్రెయిన్ గాని ఉంటే, నేల కింద గొట్టం వేసి అక్కడికి వాటం ఇవ్వవచ్చు. లేకపోతే గుంట తవ్వి మోటారు పెట్టాలి, కరెంటు లేని తుపాను రాత్రి ఆ మోటారు పనిచేయదన్న సంగతి గుర్తుంచుకుని పెట్టాలి.

చెమ్మ గురించి. ఆ ఇంటికి అసలు హాని చేసినది 1997 మరమ్మతే అని నా అభిప్రాయం. సున్నపు గోడ నేలలోని తడిని పీల్చినా దాన్ని బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే తడి లోపలే చిక్కుకుని ఇంకా పైకి ఎక్కుతుంది, ఆరిన చోట ఉప్పు పేలుతుంది. ఆ పూతను నాలుగున్నర అడుగుల దాకా చెక్కేసి, గోడను ఒక వేసవి అంతా ఆరనిచ్చి, సున్నంతోనే పూయాలి. మళ్ళీ సిమెంటు పూసి పైన వాటర్‌ప్రూఫ్ రంగు వేద్దామనే మేస్త్రీని గుమ్మం లోపలికి రానీయవద్దు. పూతకు కలిపే నీరు ఉప్పు బోరుది కాకూడదు, ఇసుక గోదావరిదే కావాలి. ఉచిత ఇసుక విధానం ఉన్నా ఎత్తుడు కూలీ, రవాణా మనవే కాబట్టి ఇసుక ఖర్చు సున్నా అని లెక్కలో రాయవద్దు.

మీరు చెప్పిన కొలతల మీద నా అంచనా ఇది, ఇల్లు స్వయంగా చూడలేదు కాబట్టి అటూ ఇటూ ఉంటుంది. కప్పు మొత్తం దించి, పాడైన కలప మార్చి, మిగిలిన కలపకు చెద మందు పట్టించి, పనికొచ్చే పెంకులే తిరిగి వేయడానికి 8.5 లక్షలు. చెమ్మ, పూతలు 4. కరెంటు తీగలన్నీ కొత్తవి 2. రెండు స్నానాల గదులు, సెప్టిక్ ట్యాంకు, మండువా నీటి గొట్టం 4.5. గచ్చు 2. తలుపులు, కిటికీలు 1.5. శ్లాబు వంటిల్లు కూల్చి తిరిగి కట్టడానికి 3.5. మొత్తం 26 లక్షలు. కొత్త ఇంటికైతే పది శాతం అదనంగా ఉంచుకోమంటాను, పాత ఇంటికి పాతిక శాతానికి తగ్గనివ్వను, ఎందుకంటే పెంకు దించే దాకా కప్పు సంగతి, పూత చెక్కే దాకా గోడ సంగతి ఎవరికీ తెలియవు. అంటే 32.5 లక్షలు పక్కన పెట్టుకోవాలి.

కొబ్బరాకు (మే 27)

ఆ డబ్బుతో కొత్త ఇల్లే వస్తుంది కదా!

కాకినాడ సివిల్ (మే 27)

వస్తుంది. ఆయన అడిగినది మాత్రం ఈ ఇంటి గురించి.

మాజీ బ్యాంకరు (మే 29)

అంచనా వచ్చింది కాబట్టి ఇప్పుడు లెక్క వేయవచ్చు. అమ్మేవారు స్థలం నుంచి మొదలుపెట్టి పైకి కూడుతూ పోయారు. కొనేవారు బాగుచేసిన ఇంటి విలువ నుంచి మొదలుపెట్టి కిందికి తీసివేస్తూ రావాలి.

ముందు స్థలం. సెంటు 4 లక్షలకు వెళ్ళిన ఆ ఖాళీ స్థలం ఎన్ని సెంట్లదో ఆయన చెప్పలేదు. చిన్న బిట్టు ధరతో పెద్ద స్థలాన్ని గుణించడం మన ప్రాంతంలో అందరూ చేసే పొరపాటు. 42 అడుగుల ముఖానికి 145 అడుగుల లోతు ఉన్న స్థలంలో ముందు 6 సెంట్లకే వీధి ధర వర్తిస్తుంది. వెనక 8 సెంట్లకు విడిగా దారి లేదు, దాన్ని ఎవరూ వేరుగా కొనలేరు. ముందు భాగం 24 లక్షలు, వెనక భాగం సెంటు రెండున్నర చొప్పున 20 లక్షలు, మొత్తం 44. కొబ్బరి చెట్లకు నేను విడిగా వేయను.

తరువాత ఇల్లు. ఆ ఊళ్ళో ఈ మధ్య అమ్ముడైన కట్టిన ఇల్లు ఏదైనా ఉందా అని మిమ్మల్ని విడిగా అడిగాను. 5 సెంట్లలో 1,600 అడుగుల కొత్త డాబా 52 లక్షలకు పోయిందన్నారు. స్థలం 20 తీసివేస్తే కట్టుబడికి 32, అంటే అడుగుకు 2,000. మీ ఇంట్లో మండువా ఖాళీ పోగా కప్పు కింద 2,100 అడుగులు ఉంటాయనుకుంటే 42 లక్షలు రావాలి, కానీ పల్లపు మండువా ఇంటిని మీ తరువాత కొనేవారు కొద్దిమందే ఉంటారు కాబట్టి 40 దాటించలేను. స్థలంతో కలిపి 84.

84లోంచి 32.5 మరమ్మతు పోతే 51.5 లక్షలు. ఇందులోనే రిజిస్ట్రేషన్ ఖర్చూ ఇమడాలి. స్టాంపు సుంకం 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1, మొత్తం ఏడున్నర శాతం. 51.5ను 1.075తో భాగిస్తే 47.9 వస్తుంది. అదే మీ గరిష్ఠం. మొదటి మాట 44 దగ్గర, అంటే స్థలం విలువ దగ్గర మొదలుపెట్టండి.

ఇక చేతిలో డబ్బు సంగతి. 30 నుంచి 75 లక్షల మధ్య ఇంటి రుణాలకు రిజర్వు బ్యాంకు పరిమితి ఆస్తి విలువలో 80 శాతం, రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవదు. పాత పెంకుటింటికి బ్యాంకు ఇంజనీరు సున్నా వేసి స్థలాన్ని 44గా చూపితే మీకు వచ్చే రుణం 35.2 లక్షలే. 48కి కొంటే కొనుగోలు, రిజిస్ట్రేషన్, మరమ్మతు కలిపి 84 దాటుతుంది. సుమారు 49 లక్షలు సొంతంగా సిద్ధంగా ఉండాలి. చాలామంది కొనుగోలు దాకానే డబ్బు చూసుకుంటారు, ఆ తరువాత కప్పు విప్పి టార్పాలిన్ కప్పిన ఇళ్ళు నాలుగేళ్ళు అలాగే ఉండిపోవడం నేను చూశాను.

కొబ్బరాకు (మే 29)

మాజీ బ్యాంకరు గారికి నమస్కారం. మీ లెక్క తప్పనను. కానీ ఆయన మళ్ళీ అమ్ముకోవడానికి కొనడం లేదు. ఉండటానికి కొనేవాడికి తన తరువాత ఎవరు కొంటారన్న లెక్క ఎందుకు? అరుగు మీద కూర్చుని సాయంత్రం గడపడానికి ఆయన అదనంగా 5 లక్షలు ఇస్తే తప్పేమిటి?

మాజీ బ్యాంకరు (మే 30)

తప్పు లేదు. ఆ 5 లక్షలు అరుగు కోసమని ఆయనకు తెలిసి ఇస్తే చాలు. కలప అనో, సెంటు 4 లక్షలనో ఎవరో చెబితే నమ్మి ఇవ్వకూడదు.

దస్తావేజు (జూన్ 1)

ధర ఎంత బాగా లెక్క వేసినా అమ్మే హక్కు ఎవరికి ఉన్నదో తేలకపోతే అది గాలిలో లెక్క. వీలునామా లేకుండా హిందూ పురుషుడు చనిపోతే ఆయన స్వార్జితంలో భార్య ఉంటే భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమాన వాటాలు 1956 వారసత్వ చట్టం నుంచే ఉన్నాయి. పిత్రార్జితమని వాదించినా, 2005 సవరణ, దాని మీద 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత కూతుళ్ళను పక్కన పెట్టే దారి దాదాపు మూసుకుపోయింది. "ఆడపిల్లలకు పెళ్ళిలోనే ఇచ్చేశాం" అనే మాట మా కార్యాలయంలో రోజూ వింటాము, దానికి రిజిస్టరు చేసిన కాగితం ఉంటేనే విలువ.

పెద్ద కొడుకు ఒక్కరే, లేదా అన్నదమ్ములిద్దరే సంతకం పెడతామంటే ఒప్పుకోవద్దు. విభజన కాని కుటుంబ నివాసంలో ఒకరి వాటా కొన్న బయటివారికి ఆ ఇంట్లో ఉమ్మడిగా ఉండే హక్కు ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షను ఇవ్వదు. ధర మీద పది శాతం తగ్గించినా ఇది పూడదు.

ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాసాలకు వదిలిన భూమిలో, ఉంటే పాత హక్కు పత్రం ఉండకపోవచ్చు. ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, పంచాయతీ రికార్డు, పాత దస్తావేజులు అన్నీ వరుసగా పెట్టించండి. ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో అడిగి తీయించాలి. కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం అడగండి. నలుగురిలో ఎవరైనా విదేశంలో ఉన్నారా?

హైదరాబాదులో గోదావరి (జూన్ 1)

చిన్న కుమార్తె అమెరికాలో ఉన్నారు. తల్లిగారు లేరు. ఆమెతో మాట్లాడానని అన్నగారు చెప్పారు గాని, నేను మాట్లాడలేదు.

దస్తావేజు (జూన్ 2)

అయితే మీరు మాట్లాడండి. ఆమె రాలేకపోతే అక్కడి భారత కాన్సులేటులో ధృవీకరించిన పవరాఫ్ అటార్నీ పంపాలి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల లోపల స్టాంపు వేయించాలి. పన్ను విషయం కూడా ఉన్నది. ఇక్కడివారికి మొత్తం ధర 50 లక్షలు, అంతకు పైన ఉంటేనే కొనేవారు ఒక శాతం టీడీఎస్, అంటే అమ్మేవారి పేర ముందే కట్టే పన్ను, కోయాలి. విదేశంలో స్థిరపడినవారి వాటాకు ఆ పరిమితి వర్తించదు, రేటూ వేరు. కోయకపోతే బాధ్యత మీ మెడకే చుట్టుకుంటుంది కాబట్టి ముందే ఆడిటరును కలవండి. బయానా 20,000 రూపాయలూ అంతకు పైన నగదుగా ఇవ్వకూడదు, ఎంతైనా ఖాతాలోకే వేయండి.

పాలకొల్లు ఆడపడుచు (జూన్ 3)

నేను ఇటువంటి ఇంటిని అమ్మిన నలుగురు తోబుట్టువుల్లో ఒకదాన్ని, అందువల్ల అవతలి గడప నుంచి రెండు మాటలు చెబుతాను.

75 అన్నది ఇంటి ధర కాదండీ, నలుగురితో భాగించడానికి వీలుగా ఎంచుకున్న అంకె అయి ఉంటుంది. మా ఇంట్లో అలాగే జరిగింది. ఒక్కొక్కరికి ఇంత వస్తే బాగుంటుందని ముందు అనుకుని, దాన్ని నాలుగుతో గుణించాము. మీరు 44 అనగానే వారికి వినిపించేది స్థలం లెక్క కాదు, నాన్నగారి ఇంటికి వీళ్ళు సున్నా కట్టారన్న మాట. మా దగ్గరికి వచ్చిన మొదటి కొనుగోలుదారు పెరట్లో నిలబడి "కూల్చేదే కదా, దీనికి లెక్కేమిటి" అన్నారు. ఆయన ఇచ్చే ధర ఎక్కువే, అయినా మా అక్కయ్య ఒప్పుకోలేదు. రెండు లక్షలు తక్కువకు వేరేవారికి ఇచ్చాము.

మరమ్మతుల జాబితా తీసుకువెళ్ళండి, కానీ తప్పులు ఎంచుతున్నట్టు చదవకండి. ఇల్లు నిలబెట్టడానికి ఇంత అవుతుంది, అందుకని ఇంతే ఇవ్వగలను అని చెప్పండి. నలుగురినీ ఒకేసారి కూర్చోబెట్టి చెప్పండి, అమెరికాలో ఉన్న చెల్లెలిని ఫోన్‌లోనైనా ఉంచండి. అన్నగారి ద్వారా వెళ్ళే అంకె చెల్లెళ్ళకు చేరేలోపు మారిపోతుంది, అది అన్నగారి దోషమని కూడా అనను.

ఆషాఢం వస్తున్నది. ఆ నెలలో మరెవరూ కొనడానికి రారు. మీరు ముందే అంకె చెప్పి ఊరుకుంటే, ఆ నెల రోజులూ వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు.

ఏటిగట్టు (జూన్ 3)

ఆఖరి మాట బంగారం. దానికి తోడు, ఆ నెలలోనే కాలువ నీరు పారుతూ వానలూ పడతాయి కాబట్టి గోడలు మరోసారి చూసుకోవచ్చు.

హైదరాబాదులో గోదావరి (జూన్ 22)

నిన్న నలుగురితో మాట్లాడాను, చిన్నవారు వీడియోలో ఉన్నారు. కాకినాడ సివిల్ గారి అంచనాను ఒక కాగితం మీద రాసి నాలుగు నకళ్ళు ఇచ్చాను. 44 లక్షలు అని చెప్పి, రెండు షరతులు పెట్టాను. నలుగురూ సంతకం చేయాలి, వానాకాలంలో ఒకసారి ఇల్లు మళ్ళీ చూడనివ్వాలి. పెద్దాయన లేచి వెళ్ళిపోయారు. పెద్ద కుమార్తె కాగితమంతా చదివి, వంటిల్లు కూల్చాలన్న మాట దగ్గర ఆగి, "అది ఎలాగూ మాకెవరికీ నచ్చలేదు" అన్నారు. సాయంత్రం రెండవ కుమారుడి నుంచి 62 అని కబురు వచ్చింది. ఆషాఢం తరువాత మాట్లాడుకుందామని చెప్పి వచ్చాను.

కొబ్బరాకు (జూన్ 22)

ఆయన లేచి వెళ్ళిపోయారంటే భయంగా ఉన్నది. ఈలోగా ఎవరైనా కలప కోసం కొని విప్పేస్తే?

పాతకలప (జూన్ 23)

నిజం చెప్పాలంటే మా వ్యాపారంలో ఒకరు ఇప్పటికే వెళ్ళి చూసి ఉంటారు. వెళ్ళినా భయపడకండి. కలపవాడు కలపకే ధర కడతాడు, స్థలం కొనడు. తాడి వాసాలని తేలిన తరువాత వారికి దక్కే అంకె 8 లక్షలకు దరిదాపుల్లో ఉండదు. ఆ అంకె విన్నాకనే చాలామంది అమ్మకందారులు మళ్ళీ ఫోను చేస్తారు.

హైదరాబాదులో గోదావరి (జూలై 20)

మూడు రోజుల వాన తరువాత నిన్న ఇల్లు చూశాను. మూడడుగులు అనుకున్న చెమ్మ నాలుగున్నర అడుగులు ఎక్కింది, పడమటి గది గచ్చు మీద కాలు పెడితే తడి అంటుతున్నది. మండువాలో చీలమండ లోతు నీరు నిలిచి ఉన్నది. పెరటి వెనక బోదె ఉన్నది గాని, అది కూడా నిండుగా పారుతున్నది. కాకినాడ సివిల్ గారూ, అంచనా మారుతుందా?

కాకినాడ సివిల్ (జూలై 20)

మారుతుంది. పూతను ఆరడుగుల దాకా చెక్కాలి, పడమటి గది గచ్చు లేపి కింద ఇసుక, కంకర పొరలు వేయాలి. మరో ఒకటిన్నర లక్షలు కలపండి, దాని మీద పాతిక శాతమూ కలపండి. బోదె నిండుగా ఉన్నప్పుడు నీరు వెనక్కి తన్నకుండా గొట్టం చివర ఒకవైపు మాత్రమే తెరుచుకునే తలుపు పెట్టించండి. దానికి పెద్ద ఖర్చు లేదు, మరిచిపోతే మాత్రం బోదెలోని చేపలు మండువాలో ఈదుతాయి.

మాజీ బ్యాంకరు (జూలై 21)

అయితే మరమ్మతు 34.4 లక్షలు అవుతుంది, మీ గరిష్ఠం 46 లక్షల 16 వేలకు దిగుతుంది.

హైదరాబాదులో గోదావరి (ఆగస్టు 3)

ధర కుదిరింది. 47 లక్షలు. మాజీ బ్యాంకరు గారి గరిష్ఠం మీద 84 వేలు ఎక్కువ. అది అరుగు కోసమేనని తెలిసే ఇస్తున్నాను, కొబ్బరాకు గారు సంతోషించవచ్చు.

వారు 62 నుంచి 55కు, తరువాత 50కి దిగారు. నేను 44 నుంచి 46కు వచ్చి, వాన రోజున తీసిన ఫోటోలు నలుగురికీ పంపి ఊరుకున్నాను. పది రోజులు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఫోను చేసినది అమెరికాలోని చిన్నవారు. మండువాలో వేలాడే ఉయ్యాల బల్ల, ధాన్యపు గదిలోని భోషాణం తమకు వదిలేస్తే 47కు అందరినీ ఒప్పిస్తానన్నారు. ఆ రెంటినీ నా లెక్కలో నేను అసలు వేయలేదు. రిజిస్ట్రేషన్ అయ్యే దాకా వచ్చే కొబ్బరి దింపు వారిదే అని పెద్దాయన అడిగారు, సరేనన్నాను. బయానా నలుగురి ఖాతాల్లోకి సమానంగా వేశాను. పవరాఫ్ అటార్నీ రావలసి ఉన్నది.

పాలకొల్లు ఆడపడుచు (ఆగస్టు 3)

ఉయ్యాల బల్ల వారే తీసుకువెళ్తారా, మీరు పంపాలా అన్నది కూడా అగ్రిమెంటులో రాయించండి. మా ఇంట్లో పందిరి మంచం మూడేళ్ళు కొన్నవారి కొట్టంలోనే ఉండిపోయింది, వాళ్ళూ ఏమీ అనలేక, మేమూ తెచ్చుకోలేక.

దస్తావేజు (ఆగస్టు 4)

నాలుగు పక్కల హద్దులు మీరే కొలిపించుకుని షెడ్యూలులో రాయించండి. పెరటి వెనక బోదె గట్టు ఎవరిదో ఇప్పుడే తేల్చుకోండి, గొట్టం దాని కింద నుంచే కదా పోవాలి.

హైదరాబాదులో గోదావరి (ఆగస్టు 4)

ఆ ఆలోచనే రాలేదు. ఆదివారం సర్వేయరుతో వెళ్తున్నాను.